కంటి రబ్బరు

బారాత్‌లో తాగి ఊగుతున్నవాడెవడో ప్రేమ్ కుమార్ మెడలోని కెమెరాను పట్టి గుంజాడు. తనను వదిలేసి పెళ్ళికొడుకునే తీస్తున్నాడని వాడి బాధ. కెమెరా దక్కింది గానీ, వెనక కన్ను ఆనించే చోట ఉండే మెత్తటి రబ్బరు ఊడి డీజే బండి చక్రాల కింద పడి పీలికలైంది. మిగిలిన బారాతంతా ఉత్త ప్లాస్టిక్ చట్రానికే కన్ను ఆనించి తీశాడు. ఇల్లు చేరేసరికి కనుబొమ కింద తోలు లేచిపోయింది. భార్య నిరోష పసుపు పెట్టబోతే విసుక్కున్నాడు. ఆమె అటు తిరగగానే తానే తీసి రాసుకున్నాడు.

మరునాడు మధ్యాహ్నం మళ్ళీ పెళ్ళి ఉంది. అందుకని పొద్దున్నే ఇద్దరూ అమరచింత నుంచి జూరాల ఆనకట్ట మీదుగా బండి మీద గద్వాల పోయారు. తిమ్మప్ప కొట్టులో కెమెరాకు సంబంధించినవి దొరకనివంటూ ఉండవు. తిమ్మప్పది రాయచూరు వైపు. మాటల్లో అక్కడక్కడా కన్నడం దొర్లుతుంది.

"ఐకప్పా? కంటి రబ్బరు రెండు రకాలున్నయి, నోడు తమ్మీ" అని బల్ల మీద ఒక చిన్న డబ్బా, ఒక పల్చటి ప్లాస్టిక్ కవరు పెట్టాడు. "డబ్బాలది కంపెనీది. నొక్కితే టక్కున పడ్తది, ఇగ ఎవడు గుంజినా రాదు. కవర్లది డూప్లికేట్. చేసినోడెవడో నాక్కూడ తెల్వదు."

ప్రేమ్ కుమార్ కవరు చింపాడు. ఆ రబ్బరుకు ఒక పక్క చెవి ఉంది. కన్ను పెట్టి చూస్తే ఆ చెవి కణత దాకా కప్పేసింది. బజారు వెలుగంతా పోయి, కెమెరాలో కనిపించేదొక్కటే మిగిలింది.

"ఎండల దీన్ని మించింది లేదన్నా."

"చెవి అటూ ఇటూ తిరుగుతది. కుడికంటోనికి కుడికి, ఎడమకంటోనికి ఎడమకు."

"నాకెందుకు ఎడమ? పుట్టినకాంచి కుడికన్నే."

నిరోష ఆ రబ్బరును రెండు వేళ్ళతో కదిపి చూసింది. పెళ్ళిళ్ళలో వీడియో తీసేది ఆమే. వస్తువు చేతికందితే దాని గుణం పట్టేస్తుంది. "ఊగుతుంది ఇది. కంపెనీది తీసుకో."

"దాని ధరకు ఇవి నాలుగొస్తయి."

"నాలుగు కండ్లున్నయా నీకు?"

తిమ్మప్ప నవ్వి, మధ్యలో పడ్డాడు. "గాడిల జర సందుంటది చెల్లె. అందరూ లగ్నపత్రిక ముక్క మడిచి దోపుతరు. బిగుస్తది."

పెళ్ళి ఫోటోలు తీసేవాడి సంచిలో ఏమున్నా లేకున్నా లగ్నపత్రికలకు కరువుండదు. ప్రేమ్ కుమార్ అక్కడే ఒక పత్రిక మూల చింపి, మడిచి, గాడిలో దోపి, రబ్బరు ఎక్కించాడు. కెమెరాను తలకిందులు చేసి ఊపాడు. రబ్బరు పడలేదు. నిరోష వైపు గెలిచినట్టు చూశాడు. ఆమె స్టాండు భుజాన వేసుకుని కొట్టు దిగింది.

పెళ్ళి అమరచింత దాటిన తర్వాత కాలువ కింది ఊళ్ళో. పెళ్ళికూతురు అమూల్య. తండ్రి లేడు కనుక పెద్దరికమంతా అన్న సుదర్శన్‌దే. పెళ్ళికొడుకుది కల్వకుర్తి. ప్రేమ్ కుమార్ తండ్రి మాసయ్య ఒకప్పుడు ఈ ఇంటి చేలల్లోనే కూలి చేశాడు. అందుకే ఎన్ని పెళ్ళిళ్ళు తీసినా, అమరచింతలో స్టూడియో పెట్టినా, ఈ ఇంట్లో ప్రేమ్ కుమార్ ఇంకా మాసయ్య కొడుకే. వాకిట్లో అందరికీ స్టీలు గ్లాసుల్లో మజ్జిగ ఇచ్చారు, వీళ్ళిద్దరికీ కాగితం గ్లాసుల్లో ఇచ్చారు. నిరోష చూసి, చూడనట్టు తాగింది.

అయితే పెళ్ళిపందిట్లో ఒక చిత్రం ఉంది. అక్కడ పంతులు మాట ఎవరూ వినరు గానీ ఫోటోలు తీసేవాడి మాట అందరూ వింటారు. "పెద్దమ్మా, జర పక్కకు." "అక్కా, చెయ్యి పైకి." మీసాలు మెలేసే మొనగాళ్ళు కూడా జరగమంటే జరుగుతారు, నవ్వమంటే నవ్వుతారు. అల్లుడి కాళ్ళు కడిగేటప్పుడు సుదర్శన్ చెంబు పట్టుకుని మెడ నిటారుగా నిలిపి దిక్కులు చూస్తున్నాడు. ప్రేమ్ కుమార్ అలవాటుగా అనేశాడు.

"అన్నా, జర తల దించు. ఇంకా. ఇంకా దించాలె."

సుదర్శన్ దించాడు. దించే ముందు మాత్రం ప్రేమ్ కుమార్‌ను ఒక చూపు చూశాడు. కెమెరాలో ఆ చూపు స్పష్టంగా కనిపించింది. వెలుగు చూసుకునే హడావుడిలో ఇతడు దాన్ని పట్టించుకోలేదు.

ఎండ మండిపోతోంది. పందిరి కింద పంకాలు వేడిగాలినే తిప్పి కొడుతున్నాయి. నుదుటి చెమట కనుబొమ దాటి, రబ్బరు లోపలికి కారి, గాడిలోని లగ్నపత్రిక ముక్కను నానబెట్టింది. పుస్తె కట్టే వేళకే రబ్బరు వదులైంది. ప్రతి ఫోటోకూ ముందు బొటనవేలితో దాన్ని లోపలికి నెట్టుకుంటూ తీశాడు. తీసేసి జేబులో వేసుకుంటే పోయేది. కానీ నిరోష చూస్తోంది. నేను చెప్పలేదా అన్నట్టు ఒక్క నవ్వు నవ్విందంటే వారం రోజులు భరించాలి. ఆ మాత్రం మగతనానికి పోయాడు.

తలంబ్రాల దగ్గర పై నుంచి ఒక ఫోటో తీస్తే బాగుంటుంది. పసుపు బియ్యం పళ్ళెం, రెండు జతల చేతులు, ఎగిరే గింజలు అందులో బాగా వస్తాయి. కుర్చీ ఎక్కి ముందుకు వంగాడు. రబ్బరు జారి నేరుగా పళ్ళెంలో పడింది. అమూల్య కళ్ళు పెళ్ళికొడుకు మీదే ఉన్నాయి. దోసిలి నిండా ఎత్తింది, పోసింది. బియ్యంతో పాటు నల్లటి రబ్బరు కూడా పెళ్ళికొడుకు నెత్తి మీద పడి, ఒక క్షణం అక్కడే కూచుని, ఒళ్ళోకి జారింది.

పెళ్ళికొడుకు ఫక్కున నవ్వాడు. దోస్తులు ఈలలు వేశారు. అమూల్య కూడా నవ్వింది. అక్కడితో అయిపోతే ఏళ్ళ తరబడి చెప్పుకుని నవ్వుకునే సంగతి అయ్యేది.

"నల్లది!" పెళ్ళికూతురి నాయనమ్మ మల్లమ్మ గుండె బాదుకుంది. "తల్వాలల్ల నల్లది పడ్డదిరా! నా మనవరాలి చేతులతోనే పిలగాని నెత్తిన పోయించిండ్రురా!"

మేళం ఆగింది. "ఏంది గది?" అని ఎవరో అడిగారు. "కెమెరాది. ఫోటోలు తీసేటోడు కంటికి పెట్టుకునేది" అని ఇంకెవరో చెప్పారు.

"మాసయ్య కొడుకు మొకానికి రుద్దుకునేదా?" అన్నాడు సుదర్శన్.

కుర్చీ కాలు పట్టి లాగాడు. ప్రేమ్ కుమార్ పళ్ళెం పక్కన వెల్లకిలా పడ్డాడు. కెమెరా పనివాళ్ళకు ఒక పాడలవాటు ఉంది. పడేటప్పుడు మొహాన్ని కాపాడుకోరు, కెమెరాను కాపాడుకుంటారు. రెండు చేతులతో దాన్ని మొహానికి అదుముకున్నాడు. సుదర్శన్ వంగి, లెన్సు మీద అరచేత్తో ఒక్క పోటు పొడిచాడు. రబ్బరు లేని చట్రం కుడికంట్లో దిగింది. రెండోసారి పొడిచాడు. లోపల ఏదో పిటుక్కుమన్న చప్పుడు ప్రేమ్ కుమార్ చెవులకు వినిపించింది.

ఆ తర్వాత చాలా కాళ్ళు వచ్చాయి. కొత్త చెప్పులు పక్కటెముకల మీద, నడుం మీద పడ్డాయి. ఎవడో మణికట్టు తొక్కిపట్టాడు. "చెయ్యి కాదు, ఆ చెయ్యి ఫోటోలు తియ్యాలె" అని ఇంకెవడో అరిచాడు, దయ కొద్దీ కాదు. నిరోష వీడియో వదిలేసి మీద పడి అడ్డుకోబోతే ఒకడు జడ పట్టి తిప్పి పందిరి గుంజకు కొట్టాడు. ఆమె పెదవి చిట్లింది. నెత్తుటి నోటితోనే అరిచింది. "కన్ను! కన్నురా అది!"

పంతులు గడియారం చూసుకున్నాడు. పెద్దమనిషి ఒకడు సుదర్శన్ భుజం పట్టాడు. "ఇగ చాలు. అయిందేదో అయింది. పెండ్లి నడవనీయుండ్రి."

"నడుస్తది. లే, లేచి తియ్యి" అన్నాడు సుదర్శన్. "ఇప్పుడు ఇంకెవడు దొరుకుతడు?"

ప్రేమ్ కుమార్ లేచాడు. కుడికన్ను పెడితే ఎర్రటి నీళ్ళు తప్ప ఏమీ కనిపించలేదు. ఎడమకన్ను పెట్టాడు. ముక్కు అడ్డం వచ్చింది, ఏది ఎక్కడుందో తెలియలేదు. అయినా నొక్కాడు. తలంబ్రాల నుంచి అప్పగింతల దాకా నొక్కుతూనే ఉన్నాడు. కెమెరా వెనక నెత్తురు, పసుపు, చెమట కలిసి వేళ్ళకు అంటుకున్నాయి. పెళ్ళివాళ్ళు అతని ముందు వరసగా నిలబడి నవ్వారు. నిజంగానే నవ్వారు. రబ్బరు ఏమైందో ఎవరికీ పట్టలేదు.

వనపర్తి కంటి దవాఖానలో డాక్టరమ్మ చాలాసేపు దీపం వేసి చూసింది. లోపలి పొర చిరిగిందంది. ఆ కంటికి వెలుగు తెలుస్తుంది, మనిషి అడ్డం వచ్చాడని తెలుస్తుంది, వచ్చింది ఎవరో మాత్రం తెలియదంది. నిరోష ఇంకోసారి చెప్పమంది. డాక్టరమ్మ అదే మళ్ళీ చెప్పింది.

ఇంటికి వచ్చాక మాసయ్య పెరట్లో బండ మీద గొడ్డలి నూరసాగాడు. ఆ గరగర చప్పుడుకు ప్రేమ్ కుమార్ బయటికి వచ్చాడు.

"ఎవల నరుకుతవ్ నాయినా?"

"ఇన్నేండ్లు ఆళ్ళ తుమ్మలు నరికిన" అన్నాడు మాసయ్య, తలెత్తకుండా. "చెయ్యి మర్చిపోలే."

నిరోష వచ్చి గొడ్డలి లాక్కుంది. ముసలాయన వదల్లేదు. ఇద్దరూ పెనుగులాడారు. చివరికి ఆమె "నువ్వు జైలుకు పోతే నీ కొడుకును చెయ్యిపట్టి నడిపిచ్చేదెవరు మామా?" అంటే వదిలాడు. వదిలి, బండ మీద కూచుని, కాయలు కాసిన అరచేతులు చూసుకుంటూ ఏడ్చాడు.

ప్రేమ్ కుమార్ ఏడవలేదు. స్టూడియోలోకి పోయి, గిరాకీలు తల దువ్వుకునే అద్దం ముందు నిలబడ్డాడు. అద్దంలో కుడి ఎడమై, ఎడమకంటికి కట్టు కట్టిన మొహం ఒకటి కనిపించింది. అందులో సగమే తను ఎరిగిన మొహం. స్టాండు తీసుకుని అద్దాన్ని పగలగొట్టాడు. ముక్కలను మళ్ళీ కొట్టాడు. సుదర్శన్ కళ్ళు తన బొటనవేళ్ళ కింద ఉన్నట్టు అనుకుంటూ కొట్టాడు. అలా అనుకుంటే హాయిగా ఉంది. చేతులు కోసుకుని నెత్తురు కారేదాకా హాయిగానే ఉంది.

ఊరి పెద్దమనుషులు ఇద్దరు వచ్చారు. పెండ్లిళ్ళల్ల గిట్లాంటివి అయితనే ఉంటయి, మనసుల పెట్టుకోవద్దు, ఫోటోలు మాత్రం జల్దీ ఇయ్యి అని చెప్పి, ఇచ్చిన చాయ్ తాగకుండా పోయారు. నిరోష ఆ కప్పులు కడగకుండా విసిరి పెంట మీద పారేసింది. తర్వాత కెమెరాలో ఉన్న ఫోటోలన్నీ ఉన్నవి ఉన్నట్టు అమూల్య ఫోనుకు పంపింది.

"సూడకుండనే పంపినవా?"

"నువ్వు సూడకుండనే తీసినవ్ కద" అంది.

ఆమె ఒక్కతే గద్వాల పోయి కంపెనీ రబ్బరు కొనుక్కొచ్చింది. డబ్బా బల్ల మీద పెట్టింది. ప్రేమ్ కుమార్ దాన్ని విప్పలేదు. కానీ కెమెరా తుడిచాడు. తడిగుడ్డతో, ఇయర్‌బడ్డుతో, అంచుల్లోని నెత్తురు పోయేదాకా తుడిచి ఎడమకన్ను పెట్టాడు. నల్లాను ఫోటో తీశాడు. కోడిని తీశాడు. బండ మీద కూచున్న మాసయ్యను తీశాడు. మొదట అన్నీ వంకరగా వచ్చాయి. ముక్కును ఎంత పక్కకు తిప్పాలో, మెడను ఎంత వంచాలో ఒళ్ళు నేర్చుకునేదాకా తీస్తూనే ఉన్నాడు.

అప్పుడు పెళ్ళి ఫోటోలు చూశాడు. దెబ్బ తగిలాక తీసినవన్నీ ఒరిగిపోయి ఉన్నాయి. పై భాగమంతా కోతే. పొట్టివాళ్ళకు నుదురు పోయింది, మధ్యరకం వాళ్ళకు కళ్ళ దాకా పోయింది. ఆ ఇంట్లో అందరికంటే పొడుగు సుదర్శన్. అప్పగింతల్లో, గుంపు ఫోటోలో, చెల్లెల్ని పట్టుకుని ఏడ్చేటప్పుడు, అన్నింట్లోనూ అతనికి మెడ వరకే ఉంది. తెల్ల చొక్కా, బంగారు గొలుసు, ఆ పైన ఏమీ లేదు. ప్రేమ్ కుమార్ కావాలని చేసింది కాదు. అయినా నవ్వొచ్చింది. నవ్వితే పక్కటెముకలు కలుక్కుమన్నాయి.

ఆ ఫోటోలు ఫోనులో చూసిన నాటి నుంచి మల్లమ్మ అన్నం ముట్టలేదు. పచ్చటి పందిట్లో తల లేని మనవడు. ఒక్క దాంట్లో కాదు, అన్నింట్లోనూ. రబ్బరు చూసి అపశకునమన్న నోరు ఇప్పుడు ఇంకా పెద్దగా అంది. పోయిన తల మళ్ళీ రావాలంటే పందిరి విప్పకముందే, అవే బట్టల్లో, అందరినీ మళ్ళీ నిలబెట్టి తీయాలి. తీసిన చెయ్యే తీయాలి. సుదర్శన్ వనపర్తి నుంచి వేరేవాణ్ణి పిలిపిస్తే ముసలమ్మ అతన్ని వాకిట్లోంచే పంపేసింది. "వేరేటోడు తీస్తే కొత్తది వస్తది. పాతది యాడికి పోతది?"

కాబట్టి సుదర్శన్ అమరచింత వచ్చాడు. స్టూడియో మెట్ల మీద మాసయ్య కూచుని ఉన్నాడు, జరగలేదు. సుదర్శన్ కిందనే నిలబడి మాట్లాడాల్సి వచ్చింది.

"కావాలనే కోసినవ్ కద నా తల?"

"కనబడలే" అన్నాడు ప్రేమ్ కుమార్.

సుదర్శన్ రోడ్డు వైపు తిరిగాడు. "రేపు చెల్లె, బావ బీచుపల్లి దర్శనం చేసుకొని వస్తుండ్రు. నువ్వు రావాలె. నాయనమ్మ పరేషాన్ చేస్తుంది."

క్షమించమన్న మాట వస్తుందేమోనని నిరోష గుమ్మంలో నిలబడి ఎదురుచూసింది. రాలేదు.

"వస్త" అన్నాడు ప్రేమ్ కుమార్.

ఆ సాయంత్రమంతా నిరోష అతనితో మాట్లాడలేదు. పొద్దున మాత్రం స్టాండు తీసి భుజాన వేసుకుంది. మాసయ్య కూడా వస్తానన్నాడు. గొడ్డలి లేకుండా వచ్చాడు.

పందిరి మామిడాకులు ఎండి గలగలమంటున్నాయి. చుట్టాలంతా అవే పట్టుచీరలు, అవే తెల్లచొక్కాలు వేసుకుని నిలబడి ఉన్నారు. ఈసారి ముగ్గురికీ స్టీలు గ్లాసుల్లో నీళ్ళొచ్చాయి. ఎవరూ ముట్టుకోలేదు.

అమూల్య దగ్గరికి వచ్చింది. చేతి రుమాలు ముడి విప్పింది. లోపల నల్లటి రబ్బరు ఉంది, ఒక పసుపు గింజ ఇంకా అంటుకుని.

"ఆయన ఒళ్ళె పడ్డదన్నా. నేనే తీసి పెట్టుకున్న. పారేయబుద్ధి కాలే." ఆమె అతని కంటి కట్టు వైపు చూడలేక రుమాలు వైపే చూస్తోంది. "కన్ను ఎట్లున్నది?"

"వెలుగు తెలుస్తుంది."

అమూల్య అక్కడే నిలబడి ఏడ్చింది. ప్రేమ్ కుమార్ ఆమె చేతిలోంచి రబ్బరు తీసుకున్నాడు. నిరోష అప్పటికే సంచిలోంచి కంపెనీ డబ్బా తీసి మూత విప్పింది. అతను తల అడ్డంగా ఊపి, డూప్లికేట్ రబ్బరు చెవిని ఎడమకు తిప్పి కెమెరాకు ఎక్కించాడు. అది ఎప్పటిలాగే ఊగింది. నిరోష గబగబా లగ్నపత్రిక మూల చింపి, మడిచి అందించింది. అతను దానికీ తల అడ్డంగానే ఊపాడు. ఆమె అతని మొహంలోకి చూసింది. తర్వాత ఆ కాగితం ముక్కను సంచిలో వేసుకుని, మాసయ్య పక్కన పోయి నిలబడింది.

"అందరూ దగ్గరికి రాండ్రి. సుదర్శనన్నా, నువ్వు ముందుకు. ఇంకా ముందుకు. నా కాడికి."

సుదర్శన్ వచ్చాడు, చేయి చాచితే అందేంత దగ్గరికి. ప్రేమ్ కుమార్ ఎడమకన్ను ఆనించి కెమెరాను కొద్దిగా వంచాడు. రబ్బరు జారి, నేల మీద దొర్లి, సుదర్శన్ కాళ్ళ దగ్గర ఆగింది.

ఎవరూ నవ్వలేదు. ప్రేమ్ కుమార్ కెమెరా దించలేదు. ఉత్త చట్రం మీద ఎడమకన్ను, మిగిలిన ఒక్క కన్ను, అలాగే పెట్టి నిలబడ్డాడు. ఎదురుగా అదే మనిషి, అదే అరచెయ్యి. ఒక్క పోటు చాలు. ఆ సంగతి పందిట్లో ఉన్న ప్రతివాళ్ళకూ తెలుసు. నిరోష మాసయ్య చెయ్యి పట్టుకుంది. ప్రేమ్ కుమార్‌కు భయం వేసింది, మామూలు భయం కాదు. అయినా కన్ను తీయలేదు.

"నీ కాళ్ళకాడ పడ్డదన్నా. జర తీసియ్యి."

కెమెరాలో సుదర్శన్ దవడ బిగిసింది. పిడికిలి బిగిసింది. పెళ్ళినాడు భుజం పట్టిన పెద్దమనిషి ఇప్పుడు చూపు తిప్పుకున్నాడు.

"తియ్యిరా" అంది మల్లమ్మ, వెనక నుంచి. "నీ తల కావాలె నాకు. తియ్యి, నీ కాల్మొక్త."

సుదర్శన్ వంగాడు. పొడుగు మనిషి, వంగడానికి చాలాసేపు పట్టినట్టనిపించింది. మొదట రెండు వేళ్ళ కొసలతో పట్టుకున్నాడు. జారింది. అరచేతిలోకి తీసుకోక తప్పలేదు.

"నువ్వే పెట్టు. చెవి ఎడమకు" అన్నాడు ప్రేమ్ కుమార్. "నా చేతులు ఖాళీ లేవు."

రబ్బరు పట్టేంత సందు మాత్రం ఇచ్చి కెమెరాను అలాగే పట్టుకున్నాడు. సుదర్శన్ చెయ్యి దగ్గరికి వచ్చింది. ప్రేమ్ కుమార్ మెడ దానంతట అదే వెనక్కి పోబోయింది, పోనివ్వలేదు. ఆ వేళ్ళు అతని చెక్కిలికి తగిలాయి. చెమటగా, చల్లగా ఉన్నాయి. గాడి దొరక్క తడుముకున్నాయి. కంటికి ఎక్కడ తగులుతుందోనని చాలా మెల్లగా నెట్టాయి.

"బిగుస్తలేదు" అన్నాడు సుదర్శన్.

"నాకు తెలుసు. పో, నిలబడు. తల ఎత్తు."

నొక్కాడు. ఒక్కసారే నొక్కాడు.

"తల వచ్చిందా కొడకా?" అని మల్లమ్మ కర్ర పట్టుకుని తడబడుతూ వచ్చింది. ప్రేమ్ కుమార్ కెమెరా తిప్పి వెనక తెర చూపించాడు. వరసలో అందరి తలలూ ఉన్నాయి. పెళ్ళికొడుకు నవ్వుతున్నాడు, అమూల్య ఏడుస్తోంది. మధ్యలో నిలువెత్తు సుదర్శన్, తలతో సహా ఉన్నాడు. అందరూ కెమెరా వైపు చూస్తుంటే అతనొక్కడే తల దించుకుని తన కుడి అరచెయ్యి చూసుకుంటున్నాడు.

"పైకి సూస్తలేడు గదా. ఇంకోటి తియ్యి" అంది ముసలమ్మ.

"ఇది చాలమ్మా" అన్నాడు ప్రేమ్ కుమార్. రబ్బరు ఊడదీసి జేబులో వేసుకున్నాడు.